పిడికిలి బిగించు

ఆ ఉదయం మా ఆడపడుచు గువ్వ మా అత్తగారిని ఇంట్లోంచి వెళ్ళిపొమ్మంది.

బట్టల బకెట్టు దగ్గర జరిగిందది. అత్తగారు తడి దుప్పటి కొస అందించి "పట్టుకో, పిండు" అన్నారు. గువ్వ చేతులు రెండూ వెనక్కి దాచుకుంది. గోడకి ఆనుకుపోయి, తల అడ్డంగా ఊపుతూ ఒక్కటే మాట అంది. "వెళ్ళు." అత్తగారు తను సరిగ్గా వినలేదేమోనని చెవి దగ్గరగా పెట్టారు. ఆ చెవిలోనే మళ్ళీ అంది. "వెళ్ళు. వెళ్ళు." దుప్పటి కొస బకెట్లోకి జారిపోయింది. మా ఆయన నోట్లో పళ్ళపొడి నురగతోనే పరుగెత్తుకొచ్చారు. "నన్ను పొమ్మంటోందిరా, నా ఇంట్లోంచి నన్ను" అని అత్తగారు స్టూలు మీద కూలబడ్డారు. ఆయన గువ్వ మీద గుడ్లురిమారు. గువ్వ ఆయనకీ అదే మాట వడ్డించింది, తల్లికీ అన్నకీ తేడా చూపకుండా.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వాను. దాచుకోవడం దేనికి, కడుపారా నవ్వాను. చేతిలో ఆయన టిఫిన్ డబ్బా మూత అలాగే ఉండిపోయింది. ఇరవై నాలుగేళ్ళుగా నా గొంతులో అడ్డంపడి ఉన్న మాట అది. మింగలేక, కక్కలేక దాని చుట్టూ జోకులు అల్లుకుంటూ బతికేస్తున్నాను. నేను అనలేనిది ఆ పిల్ల అనేసింది. అందరూ చెదిరిపోయాక వెళ్ళి బుగ్గ గిల్లి, "భలే అన్నావే, ఏదీ మళ్ళీ అను" అన్నాను కూడా. పాపం, అంది. చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. నేను నోరే చూశాను. చేతులు చూడలేదు.

చేతులు చూడటం నా ఉద్యోగం. రక్తపరీక్షల ల్యాబులో సూది పట్టుకునే మనిషిని నేను. రోజుకి అరవై చేతులు నా ముందుకొస్తాయి. రబ్బరు పట్టీ కట్టి, "పిడికిలి బిగించండి, కొంచెం గుచ్చుకుంటుంది" అంటాను. నా ఉద్యోగంలో ఇంతకు మించిన సంభాషణ లేదు. బయట రక్తం తీసేది నేనే, ఇంట్లో తాగేవాళ్ళు వేరే ఉన్నారు అంటే ల్యాబులో అందరూ పగలబడి నవ్వుతారు. అదే మాట ఇంట్లో అంటే ఎవరికీ నవ్వు రాదు. "నీ చెయ్యి తేలికమ్మా" అని మా ల్యాబు పెద్దాయన మెచ్చుకుంటూ కొత్తగా చేరినవాళ్ళందరినీ నాకు అప్పజెబుతారు. వాళ్ళు నేర్చుకుని నా పై కుర్చీలో కూర్చుంటారు. నా చెయ్యి తేలిక కాబట్టే నా మాటకి బరువు లేకుండా పోయిందని నా అనుమానం.

ఇంటికొస్తే ఇంకో షిఫ్టు. అందులో నాకు తోడు గువ్వ. మా ఆయన చెల్లెలు, ముప్ఫై ఆరేళ్ళు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలీదు గానీ గువ్వలాగే మెడ కొంచెం వంచి, గుండ్రటి కళ్ళతో చూస్తుంది. పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్. డౌన్ అంటే దాన్ని మొదట వివరంగా రాసిన డాక్టరుగారి ఇంటిపేరట. మా ఇంట్లోవాళ్ళు మాత్రం అదేదో దిక్కు అనుకున్నారు. ఆ పిల్లని ఎప్పుడూ కిందికే చూశారు, కింది పనులే చెప్పారు. ఇంట్లో వాషింగ్ మెషీన్ ఉంది. అందులో వేస్తే దుప్పట్లు పాడవుతాయి, గువ్వ పిండితే పాడవ్వవు. కూరగాయలు తొక్క తీసేది గువ్వ. గ్లాసులు తుడిచేది గువ్వ. ఆయన చొక్కాలకు ఇస్త్రీ చేశాక గుండీలు పెట్టి మడత వేసేది గువ్వ. సాయంత్రం టీ అయ్యాక అత్తగారు కుర్చీలో కూర్చుని చీర మోకాళ్ళ దాకా జరిపి నొప్పుల మందు ట్యూబు పట్టుకుని చెయ్యి చాపుతారు. ఎవరివైపని చూడక్కర్లేదు. ఆ చెయ్యి చాపిన వైపు గువ్వ ఉంటుంది. అరగంట రుద్దుతుంది. "నా కీళ్ళ బాధ పగవాళ్ళకి కూడా వద్దమ్మా" అని ఆవిడ ఆ అరగంటా మూలుగుతారు. పగవాళ్ళకి వద్దన్నారు, సరే. కూతురి సంగతి దేవుడు అడగలేదు కాబోలు.

ఇంత చేసినా ఆ పిల్ల నవ్వు తగ్గకూడదు. అది ఆ ఇంటి శిక్షణ. చిన్నప్పట్నుంచీ ఎవరైనా చుట్టాలొస్తే "ఏడుపు మొహం పెట్టకు, మంచి మొహం పెట్టు" అని ముందు గదిలోకి పంపేవారట. నవ్వితే బిస్కెట్టు, ఏడిస్తే వెనక గది. నేను కాపురానికొచ్చిన మొదటి వారంలోనే ఇదే బడిలో నన్నూ చేర్చారు. కొత్త ఇల్లు, తలనొప్పి, నిద్రలేదు. అత్తగారు చూసి, "ఏంటమ్మాయ్ ఆ మొహం? మా గువ్వని చూసి నేర్చుకో, ఏ రోజైనా నవ్వు చెరిగిందా?" అన్నారు. నేర్చుకున్నాను. నేను మాటలు కలిపి నవ్వించడం నేర్చుకుంటే గువ్వ మాటలు తగ్గించి నవ్వడం నేర్చుకుంది. మేమిద్దరం ఒకే పంతులమ్మ దగ్గర చదివాం. తరగతులే వేరు.

ఆ బకెట్టు రోజుకి ఆరు నెలల ముందు నుంచే గువ్వ పనిలో నెమ్మదించింది. ఆ రోజు తర్వాత మూడు వారాలపాటు ఇంట్లో ఎవరు ఏ పని అందించినా "వెళ్ళు" వినపడింది. గుండీలు పెట్టమంటే వెళ్ళు. మోకాళ్ళకి మందు రాయమంటే వెళ్ళు. అత్తగారు కన్నీళ్ళు పెట్టుకుని, "కన్నదాన్ని, నన్నే కాదంటోంది. ముదురుతోందిరా తిక్క. రేపు ఎవరినైనా కొడితే?" అన్నారు. నేనేమో లోపల్లోపల ఒక్కో వెళ్ళునీ లెక్కపెట్టుకుని మురిసిపోయాను. ఇంట్లో తిరుగుబాటు మొదలైందనుకున్నాను. తిరుగుబాటుకి తిరగమోత నేను పెడుతున్నాననీ, మాడేది గువ్వ అనీ నాకు తట్టలేదు.

తట్టింది ఎప్పుడంటే, ఒకరోజు ఆయన ఆఫీసు నుంచి వస్తూ ఒక ఫారం పట్టుకొచ్చినప్పుడు. ఊరి చివర ఒక వసతి గృహం ఉందట. "అక్కడ ఇలాంటివాళ్ళు చాలామంది ఉంటారు. దానికీ కాలక్షేపంగా ఉంటుంది. వచ్చే నెల్లో ఆదివారం మేనేజరుగారు ఇంటికొచ్చి చూస్తానన్నారు" అన్నారు. పని చేసినన్నాళ్ళు మా గువ్వ, చెయ్యి ఆగేసరికి ఇలాంటివాళ్ళు. నేను ఏదో అనబోయాను. "నువ్వే కదా దాన్ని నవ్వి నవ్వి ఎగదోసింది. ఇప్పుడు నీకు మాట్లాడే హక్కు లేదు" అన్నారు. ఆ ఒక్క ముక్కా నిజమే, అందుకే తగిలింది. ఫారం నా ముందు పడేసి, "రాతకోతలు నీ పనే కదా, నింపు. కారణం దగ్గర ప్రవర్తన బాగోలేదని రాయి. రక్తపరీక్షలు కూడా కావాలిట, అదీ నీ పనే" అని టీవీ ముందు కూర్చున్నారు. పక్కన గువ్వ అన్నయ్యని చూసి నవ్వుతోంది. ఎక్కడికో ఊరెళ్తున్నాం అనుకుంది. తన సంచిలో దువ్వెన పెట్టుకుంది. "వదిన, నువ్వు?" అని నా దువ్వెన కూడా తెచ్చి అందులో పెట్టింది.

మర్నాడు పొద్దున్న ఇంట్లోనే గువ్వ రక్తం తీయడానికి కూర్చున్నాను. ఏటా థైరాయిడ్ పరీక్షకి తీసేదాన్నే, తనకి నేనంటే భయం లేదు. పట్టీ కట్టాను. నోరు తన పని తను చేసుకుపోయింది. "పిడికిలి బిగించు తల్లీ, కొంచెం గుచ్చుకుంటుంది." గువ్వ నవ్వుతూ చేతిని చూసుకుంది. చేతిని నాకు చూపించింది. వేళ్ళు సగం దాకా వంగి ఆగిపోయాయి. మూడు వేళ్ళు మధ్య కణుపు దగ్గర ఉబ్బి, నునుపుగా, వేడిగా ఉన్నాయి. మణికట్టు మీద గిన్నె బోర్లించినట్టుంది. అరవై చేతుల్ని చూసేదాన్ని, నా ఇంట్లో ఉన్న రెండు చేతుల్ని ఎన్నాళ్ళుగా చూడలేదో. ఒక వేలు మెల్లగా పట్టుకున్నాను. గువ్వ నవ్వు చెరక్కుండానే చెయ్యి లాక్కుని అంది. "వెళ్ళు."

తన నోట్లో దీర్ఘాలు నిలబడవు. నాలుక మందం. పాలు కావాలంటే పలు అంటుంది, నీళ్ళు నిళ్ళు అవుతాయి. పుట్టినప్పట్నుంచీ వింటున్న తల్లికి తెలుసు, ఇరవై నాలుగేళ్ళుగా వింటున్న నాకు తెలుసు. పాలడిగితే అందరికీ అర్థమవుతుంది, పాలడగటం మామూలు కాబట్టి. వేళ్ళు అంటే మాత్రం ఎవరికీ అర్థం కాలేదు. మా ఇంట్లో గువ్వకి వేళ్ళున్నాయని పని ఆగేదాకా ఎవరూ అనుకోలేదు కదా. నేను సూది కింద పెట్టేశాను. ఆ పిల్ల నొప్పి అని మొత్తుకుంటుంటే బుగ్గ గిల్లి మళ్ళీ అనమన్న మహాతల్లిని నేనే. ఆ రోజు నాకు వచ్చిన కోపంలో మొదటి వాటా నాదే. మిగతాది ఎవరెవరికి పంచాలో నెమ్మదిగా ఆలోచించుకున్నాను.

తర్వాత రక్తం తీసుకుని, థైరాయిడ్‌తోపాటు కీళ్ళవాతానికి చూసే యాంటీబాడీల పరీక్షలు కూడా నేనే రాసి చేయించాను. కీళ్ళవాతం పరీక్షలు రెండూ నెగటివ్. థైరాయిడ్ మీద దాడి చేసే యాంటీబాడీలు మాత్రం ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లు. వీధి చివర డాక్టరుగారి దగ్గరికి నాతోపాటు మా ఆయనా వచ్చారు. డాక్టరు మొదటి కాగితం చూసి, "నెగటివ్ కదమ్మా, ఇంకేంటి? వీళ్ళకి ఈ వయసులో బద్ధకం, మొండితనం మామూలే" అన్నారు. వేళ్ళు ఉబ్బాయండీ అంటే, వీళ్ళ వేళ్ళు పొట్టిగానే ఉంటాయన్నారు. పొట్టికీ ఉబ్బుకీ తేడా చెప్పడానికి నేను నోరు తెరిచేలోపు ఆయన గోడ మీది ఆరు మొహాల బొమ్మ తీసి గువ్వ ముందు పెట్టారు. మొదటి మొహం పకపకా నవ్వుతుంటుంది, ఆరో మొహం బావురుమంటుంది. నొప్పి ఎంతుందో వేలు పెట్టి చూపించమన్నారు. గువ్వ ఆ ఉబ్బిన వేలినే మొదటి మొహం మీద పెట్టి, డాక్టరు వైపు చూసి నవ్వింది. ఆయన కాగితం మీద నొప్పి సున్నా అని రాశారు. బయటికొస్తూ మా ఆయన, "నీ ల్యాబే చెప్పింది, అది కూడా వేలు పెట్టి చెప్పింది. ఇంకా నాటకాలెందుకు?" అన్నారు.

ఆ మొహాల కాగితం ఒకటి అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. సాయంత్రం గువ్వ ముందు పెట్టి, నీ మొహం ఏదని అడిగాను. మళ్ళీ మొదటిదే. "నొప్పి లేదా?" అంటే చేతులు ఒళ్ళో దాచుకుంది. మరి దీన్ని ఎందుకు చూపించావంటే నా అమాయకత్వానికి జాలిపడినట్టు చూసి, "మంచి మొహం" అంది. ఆరో మొహం మీద అరచెయ్యి కప్పేసి, "ఇది తప్పు. అమ్మ తిడుతుంది" అంది.

ముప్ఫై ఆరేళ్ళ చదువు ఊరికే పోతుందా. అడిగింది నొప్పి అని డాక్టరు అనుకున్నారు. అడిగింది మర్యాద అని గువ్వ అనుకుంది. ఎవరైనా ఆ కాగితం నా ముందు పెడితే నా వేలు మాత్రం ఎక్కడికెళ్ళేది?

తర్వాతి వారం సగం పూట సెలవు పెట్టి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా గువ్వని పెద్దాస్పత్రిలో కీళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. పొట్టి మనిషి, కళ్ళజోడు నెత్తిమీదే ఉంటుంది. మొహాల కాగితం సంగతి చెబితే ఆవిడ, "మొహాన్ని ఎందుకండీ అడగడం, చేతుల్నే అడుగుదాం" అని లేచి, కుళాయి కింద ఒక చిన్న తువ్వాలు తడిపి గువ్వకిచ్చి పిండమన్నారు. గువ్వ తువ్వాలుని ముంజేతికి చుట్టుకుంది. మోచేత్తో పొట్టకేసి నొక్కుకుంది. కొస పళ్ళతో పట్టుకుని లాగింది. గౌను ముందంతా తడిసిపోయింది. వేలు ఒక్కటి కూడా వాడలేదు. అంతసేపూ డాక్టరమ్మ వైపు నవ్వుతూనే ఉంది. ఆవిడ తువ్వాలు తీసుకుని, గువ్వ చేతుల్ని తన అరచేతుల్లో పెట్టుకుని ఒక్కో కణుపూ గాజుపెంకు పట్టుకున్నట్టు పట్టి చూశారు.

ఎన్నాళ్ళుగా అని అడిగారు. తేదీలు నా దగ్గర ఎక్కడున్నాయి, తిట్లున్నాయి. మా ఇంట్లో రోగచరిత్ర అంతా తిట్ల రూపంలోనే భద్రంగా ఉంది. అవే అప్పజెప్పాను. ఏడాది కిందట అత్తగారు "పొద్దెక్కినా మంచం దిగదు, మొద్దు నిద్ర" అన్నారు. డాక్టరమ్మ పొద్దున్నే కీళ్ళు బిగుసుకుపోవడం అని రాసుకున్నారు. తర్వాత "వరసపెట్టి గ్లాసులు పగలగొడుతోంది, చేతులకి చిల్లులున్నాయా" అన్నారు. పట్టు తగ్గిందని రాసుకున్నారు. "గుండీలు పెట్టమంటే గంటసేపు, కావాలనే" అన్నది మా ఆయన. వేళ్ళ చిన్న కీళ్ళు అని రాశారు. "మెట్లెక్కమంటే పిల్లలా కూర్చుని జరుగుతుంది, గారాబం ఎక్కువైంది" అన్నది ఇద్దరూ. ఆవిడ గువ్వ మోకాలు తాకి చూసి అదీ రాశారు. పేజీ నిండింది. ఆవిడ పెన్ను ఆపి, "మీ ఇంట్లోవాళ్ళు చాలా జాగ్రత్తగా గమనించారండీ. ఒక్కటి కూడా వదల్లేదు" అన్నారు. వ్యంగ్యమో కాదో తెలీలేదు. నాకు మాత్రం కళ్ళు మండాయి.

ఎక్స్‌రేలో వేళ్ళ ఎముకల అంచులు ఎవరో కొరికినట్టున్నాయి. డాక్టరమ్మ నాకు తీరిగ్గా చెప్పారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడటం మిగతావాళ్ళకంటే ఎక్కువట. అది గువ్వ థైరాయిడ్‌ని ఎప్పుడో పట్టుకుంది, ఇప్పుడు కీళ్ళు. వీళ్ళ కీళ్ళ జబ్బులో రక్తంలో ఆ గుర్తులు చాలాసార్లు కనపడనే కనపడవట. కాగితం నెగటివ్ అంటుంది, కీలు అరిగిపోతుంటుంది. వీళ్ళు నొప్పి చెప్పరు, చెప్పినా ఎవరూ వినరు, ఏం జరిగినా అది డౌన్ సిండ్రోమ్ వల్లే అనేసి ఊరుకుంటారు, అందుకే వైద్యం ఏళ్ళ తరబడి ఆలస్యమవుతుందట. అరిగినంత మేర వెనక్కి రాదు, మందులతో ఇక్కడితో ఆపొచ్చు అన్నారు. "అంటే ఇంటివాళ్ళే ఒంటి మీద పడ్డారన్నమాట" అన్నాను. ఆవిడ మొదటిసారి నవ్వారు. తర్వాత ఉత్తరం రాసిచ్చారు. పిండటం, రుద్దటం, బరువులెత్తటం ఏవీ వద్దు. కింద గీత కూడా గీశారు.

ఉత్తరం ఆ రోజే ఇంట్లో చూపించి ఉండొచ్చు. చూపించలేదు. మందులు మొదలుపెట్టాను, గువ్వ పనులు ఆపించి నేను చేశాను. కాగితం మాత్రం నా హ్యాండ్‌బ్యాగులో పడుకోబెట్టాను. చూపిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన "అయితే మందులు వాడండి" అని టీవీ పెట్టుకుంటారు. అత్తగారు "పాపం" అని ఒకసారి అని, చెయ్యి నా వైపు చాపుతారు. జాలి వాళ్ళది, చాకిరీ నాది. వద్దు. నాకు జాలి వద్దు, మేనేజరుగారు వచ్చే ఆదివారం కావాలి. వసతి గృహం ఫారం ముందేసుకుని కూర్చున్నాను. రోజువారీ పనులు ఎవరి సాయం లేకుండా చేసుకోగలరా అని రెండు పేజీల ప్రశ్నలు. ఒక్కోటీ చదువుతుంటే నా కళ్ళ ముందు ఒక మనిషి కదిలాడు. ఆ మనిషి గువ్వ కాదు. ల్యాబులో మెషీన్ మీద ఇంకో కాపీ తీయించి, రెండూ నింపాను. ఒక్క అబద్ధం కూడా రాయలేదు. సూది చేత్తో రాశానేమో, అక్షరాలు సన్నగా, లోతుగా పడ్డాయి.

ఆదివారం పదింటికి మేనేజరుగారు వచ్చారు. అరవై ఏళ్ళావిడ, మెత్తటి చెప్పులు, గట్టి చూపు. ముందు గదిలో అత్తగారు, ఆయన, మధ్యలో మంచి మొహంతో గువ్వ, దువ్వెనలున్న సంచి ఒళ్ళో పెట్టుకుని. అత్తగారు అప్పటికే కళ్ళొత్తుకుంటూ ఆ వెళ్ళు కథంతా చెప్పేశారు. నేను టీ పెట్టి, పైన ఉన్న ఫారం ఆవిడ చేతికిచ్చాను. అది అక్కడి పద్ధతట, ఇంట్లోవాళ్ళందరి ముందూ పైకి చదివి, ఒప్పుకున్నారా అని ఒక్కో జవాబుకీ అడుగుతారు. ఆ సంగతి నేను ఫోన్లో ముందే కనుక్కున్నాను.

"తన బట్టలు తాను ఉతుక్కోగలరా? లేదు. అంతేనా?" అన్నారావిడ.

"అంతేనండీ" అన్నారు మా ఆయన.

"తిన్న కంచం తీయగలరా? లేదు, ఎప్పుడూ ప్రయత్నించలేదు."

"ఈ మధ్య మరీనండీ" అని ఆయన నిట్టూర్చారు.

"తన తువ్వాలు ఎక్కడుందో వెతుక్కోగలరా? లేదు, బాత్‌రూములోంచి అరుస్తారు. మందులు వేసుకోగలరా? మాత్ర చేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు ఇంకో చేతిలో పెడితే వేసుకుంటారు. ఒక్కపూట ఒంటరిగా వదిలితే వండుకుని తినగలరా? లేదు, వదిలిన మనిషిని తిడతారు."

"అక్షరాలా నిజమండీ" అన్నారు అత్తగారు, కొడుకు వైపు చూసి తలూపుతూ. "అసలు దీన్నెలా భరిస్తున్నామో మాకే తెలుసు."

"ఎదుటి మనిషి నొప్పిని గుర్తించగలరా? లేదు." ఆవిడ పేజీ తిప్పి, చివర ఉన్న వివరాల దగ్గర ఆగారు. "వయసు నలభై తొమ్మిది?"

"ముప్ఫై ఆరండీ" అన్నారు ఆయన.

"ఇక్కడ నలభై తొమ్మిది అనుంది. పురుషుడు అనుంది." కళ్ళజోడు సర్దుకున్నారు. "ఉద్యోగం, బ్యాంకులో బ్రాంచి మేనేజరు."

గువ్వ ఫ్యాను వైపు చూసి నవ్వింది. మేనేజరుగారు ఫారాన్నీ మా ఆయన్నీ మార్చి మార్చి చూసి, కాగితాన్ని నీటుగా మడిచి ఆయన చేతిలో పెట్టారు. "ఈయన్ని మేం తీసుకోలేమండీ. మా దగ్గర ఉండేవాళ్ళు ఎవరి కంచం వాళ్ళు కడుక్కుంటారు."

ఆయన మొహం నల్లబడింది. "పరాయి మనిషి ముందు నా పరువు తీస్తావా?"

"తీయడమేగా నా ఉద్యోగం" అన్నాను. "పిడికిలి బిగించండి. కొంచెం గుచ్చుకుంటుంది."

అప్పుడు రెండో ఫారం, గువ్వది, డాక్టరమ్మ ఉత్తరంతో కలిపి బల్ల మీద పెట్టాను. ఎక్స్‌రే కిటికీకి ఎత్తిపట్టుకుని, కొరికినట్టున్న ఎముకల్ని ఒక్కోటీ చూపించాను. ఇది గ్లాసులు పగలగొట్టిన వేలు, ఇది గుండీలు పెట్టని వేలు, ఇది రోజూ అరగంట మీ మోకాళ్ళు రుద్దిన మణికట్టు అని పేరుపేరునా పరిచయం చేశాను. మేనేజరుగారు ఉత్తరం చదివి, ఈమెకి కావాల్సింది మా గది కాదు, వైద్యం అన్నారు. తలుపు దాకా వెళ్ళినావిడ వెనక్కి తిరిగి, మరి అందర్నీ వెళ్ళమంటోందట కదా, అదేమిటని అడిగారు.

నేను అందరి వైపూ తిరిగి చెప్పాను. "తను ఎవర్నీ వెళ్ళమనలేదు. వేళ్ళు అంది. వేళ్ళు నొప్పి అని. పాలు పలు అయినట్టే అదీనూ. ఆ బకెట్టు రోజు నుంచీ చెబుతూనే ఉంది. అత్తయ్యా, మీకు అది భయంగా వినిపించింది. నాకు ఆశగా వినిపించింది. తనకి నొప్పిగా ఉందని మనిద్దరిలో ఒక్కరికీ వినపడలేదు."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "నాకెవరూ చెప్పలేదే" అన్నారు.

"ఇప్పుడు అడగండి" అని ఆరు మొహాల కాగితం వాళ్ళిద్దరి మధ్యా పెట్టాను. ఆవిడ అడిగారు. గువ్వ అలవాటుగా మొదటి మొహం మీదికి వేలు పోనిచ్చి, నా వైపు చూసింది. నేను నవ్వలేదు. ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి ఆ ముందు గదిలో, పరాయి మనిషి ఎదురుగా, నా మొహం ఎలా ఉందో అలాగే ఉండనిచ్చాను. ముందు నేనే వేలు తీసుకెళ్ళి అయిదో మొహం మీద పెట్టాను. గువ్వ చాలాసేపు చూసింది. ఎవరూ తిట్టలేదు. తన వంకర వేలు నెమ్మదిగా జరుపుకుంటూ వచ్చి నా వేలి పక్కనే ఆనించింది. నవ్వు ఎటో పోయింది.

"మరి ఆ మాట నిజంగా ఎవరూ అనలేదా?" అన్నారు మేనేజరుగారు.

"ఇప్పుడు నేనంటున్నానండీ" అని ఆయన వైపు తిరిగాను. "వెళ్ళండి. బకెట్లో దుప్పటి నానుతోంది. పిండి ఆరేసి రండి. మా ఇద్దరికీ నొప్పిగా ఉంది."

ఆయన తల్లి వైపు చూశారు. ఆవిడ కూతురి వేలు వైపు చూస్తున్నారు. మడిచిన ఫారం చేతిలోనే పట్టుకుని ఆయన లేచారు. కాసేపటికి బకెట్టు దగ్గర నీళ్ళు కారిన చప్పుడు, పిండలేక ఆగిన చప్పుడు, మళ్ళీ కారిన చప్పుడు. మేనేజరుగారు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. గువ్వ సంచిలోంచి దువ్వెనలు రెండూ తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

ఆ సాయంత్రం టీ అయ్యాక అత్తగారు అలవాటుగా చీర జరిపి, ట్యూబు పట్టుకుని చెయ్యి చాపారు. చాపిన చెయ్యి మధ్యలో ఆగిపోయింది, ఎటు చాపాలో తెలియక. గువ్వ టీవీ చూస్తోంది. నేనూ టీవీ చూస్తున్నాను. ఎటు చాపాలో నాకు తెలుసు, బకెట్టు దగ్గర ఎర్రబడ్డ అరచేతుల్ని ఊదుకుంటూ ఆయన పక్క గదిలోనే ఉన్నారు. నేను చెప్పలేదు.